నాయిన రాసిన పేరు

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు సెలవు మీద నల్లగొండ వచ్చిండు. విశాఖపట్నంలో నేవీలో పనిచేస్తడు, ఓడ ఇంజన్ల దగ్గర. పొద్దున్నే ఇద్దరం పానగల్లు చెరువు కట్ట మీద నడుస్తుంటే మాటల్లో అడిగిన.

"మీ దాంట్ల పెద్దాఫీసర్ల కొడుకులకు ప్రమోషన్లు జల్ది వస్తయారా?"

"ఇప్పుడు అట్ల నడవదు మామా. పరీక్షలుంటయి, బోర్డులుంటయి" అన్నడు. కొంచెం దూరం పోయినంక మళ్ల తనే అందుకున్నడు. "కని ఇంగ్లండు నేవీల ఒకప్పుడు తండ్రి పేరుంటే చాలు. అట్ల మీదికి పోయినోణ్నే ఆఖరికి సొంత సిపాయిలతోని కాల్పించిండ్రు. జాన్ బింగ్ అని, అడ్మిరల్. లడాయిల చెయ్యవలసినంత చెయ్యలేదని కేసు."

నా కాళ్లు అక్కడనే ఆగినయి. వాడు నాకు ఆయాసం వచ్చిందనుకున్నడు, చెయ్యి పట్టుకుని రాతి మీద కూచోబెట్టిండు. నాకు ఆయాసం లేదు. 'చెయ్యవలసినంత చెయ్యలేదు' అన్న మాట నా మీద కూడ ఒక కాగితంలో రాసి ఉంది. ఆ కాగితం ఇప్పటికీ ఇంట్ల ట్రంకుపెట్టెలో ఉంది. ఇంకొక మాట కూడ నిజం. నేను కొలువులకు వచ్చింది నాయిన పైరవీతోనే. అరవై దాటినంక ఇప్పుడు మొదటిసారి ఈ మాట నా చేత్తో రాస్తున్న.

మేనల్లుడు పోయినంక బిడ్డతోని వెతికించి, బింగ్ గురించి దొరికినంత చదివిన. ఆయన విచారణలో ఎవరు ఏం చెప్పిండ్రో అప్పట్లనే అచ్చు వేసిండ్రు. పాత ఇంగ్లిషు, ఒక్కొక్క పేజీకి ఒక పూట పట్టింది. చదువుకుంట పోతుంటే ఆయన కథ ఒక్కటే కనపడలేదు. అందుకే రెండూ కలిపి రాస్తున్న.

ఆయన తండ్రి జార్జ్ బింగ్ చిన్నోడు కాదు. 1718లో సిసిలీ దగ్గర పస్సారో కొన కాడ స్పెయిన్ ఓడల దండును చిత్తు చేసినాయన. ఆ గెలుపుకు తర్వాత టారింగ్టన్ ప్రభువు అన్న బిరుదు ఇచ్చిండ్రు. కొడుకు జాన్ 13 ఏండ్ల పిల్లగాడుగ ఓడెక్కింది కూడ ఆ 1718లోనే. 1727లో తండ్రి మొత్తం నేవీని నడిపే అడ్మిరల్టీకి పెద్ద అయిండు. అదే ఏడు, అదే నెలలో కొడుకు కెప్టెన్ అయిండు. వయసు 23 ఇంకా నిండలేదు.

వాళ్లు దాన్ని పైరవీ అనలేదు, 'ఇంట్రెస్టు' అనేటోళ్లు. ఫలానా ఆయనకు మంచి ఇంట్రెస్టు ఉంది అంటే, మీద చెప్పేటోళ్లు ఉన్నరని అర్థం. దాచుకునే సంగతి కూడ కాదు. 1677 నుంచే లెఫ్టినెంట్ కావాలంటే పరీక్ష పెట్టిండ్రు, సముద్రం మీద ఇన్నేండ్లు చేసి ఉండాలె అన్నరు. ఆ పరీక్ష గడప దాటినంక మాత్రం మళ్ల మనుషులే.

ఇక్కడ ఒక సంగతి నాకు బాగ తగిలింది. ఆ నేవీలో కెప్టెన్ అయ్యేదాక ప్రతి మెట్టుకు ఎవరో ఒకరు చెయ్యి అందియ్యాలె. కెప్టెన్ అయినంక మాత్రం వరుస ఒక్కటే. ఎవరు ముందు కెప్టెన్ అయితే వాళ్లు ముందు అడ్మిరల్. ఎంత మొనగాడైనా ఆ వరుస దాటి రావుడు కష్టం. అంటే తండ్రి కొడుకుకు ఇచ్చింది ఓడ కాదు, తారీఖు. జార్జ్ బింగ్ 1733లో చచ్చిపోయిండు. ఆయన రాయించిన తారీఖు మాత్రం పనిచేసుకుంటనే పోయింది. 1745లో కొడుకు రియర్ అడ్మిరల్, 1747లో వైస్ అడ్మిరల్. నడుమ ఏండ్లన్నీ చాలామటుకు పెద్ద లడాయిలు లేని నీళ్లలోనే గడిచినయి.

తారీఖు విలువ నాకు తెలుసు.

మా నాయిన ఒక డివిజన్ ఆఫీసులో హెడ్ క్లర్కు. ఏ ఆఫీసో, ఏ కాలువో రాయను. అప్పటోళ్లు చాలామంది పోయిండ్రు, ఉన్నోళ్లకు మనుమలున్నరు. ఆఫీసర్లు రెండేండ్లకో మూడేండ్లకో మారేది, నాయిన ఆ కుర్చీలోనే ఉండేది. కొత్తగ వచ్చిన ఏ ఇంజనీరైనా ముందుగాల నాయిన టేబుల్ కాడికి వచ్చి పాత ఫైళ్ల సంగతి అడగవలసిందే. పైస ముట్టెటోడు కాదు. కిరాయి ఇంట్లనే బతికిండు, కిరాయి ఇంట్లనే పోయిండు. ఆయన జిందగీలో ఎవరినన్న ఏదన్న అడిగిండంటే అది నా కోసమే.

నేను ఎన్‌జీ కాలేజీలో డిగ్రీ రెండుమార్లు తప్పిన. 1987లో ఒకనాడు మాపటికి నాయిన ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండనే, "రేపు తెల్లంగి ఏస్కో, ఆఫీసుకు పోదం" అన్నడు. మరునాడు నేను వర్క్ ఇన్‌స్పెక్టర్. ఎన్‌ఎంఆర్ కింద, అంటే రోజు కూలి లెక్కన మస్టర్ రోల్ మీద పేరు. మొదటి నెల మస్టర్‌లో నా పేరు రాసింది నాయినే. ఆయన 'శ్రీ' అన్న అక్షరం తోక కిందికి గుంజి రాసేది. ఆ తోకను చూసి అది ఎవరి చేతిరాతో ఆఫీసంతా పోల్చేది.

1994లో 212 జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేండ్లు నిండిన ఎన్‌ఎంఆర్‌లను పర్మినెంట్ చెయ్యొచ్చని. నాకు ఆరేండ్లు దాటినయి, పర్మినెంట్ అయిన. నాలాగనే ఎండల, వానల చేసి, 1989లో చేరినోళ్లు ఆ గీత అవతల నిలబడి చూసిండ్రు. వాళ్లకూ నాకూ పనిలో తేడా ఏం లేదు. తెల్లంగి ఏస్కో అన్న నాయిన వాళ్లకు లేడు, అంతే.

ఇక లస్కర్ సంగతి చెప్పాలె. కాలువల మీద షట్టర్లు తిప్పి, గేజీ చూసి రాసి, రాత్రిళ్లు కట్ట పొంటి తిరిగెటోణ్ని లస్కర్ అంటం. ఫారసీలో లష్కర్ అంటే ఫౌజు. ఫౌజు ఉన్నదనే సికింద్రాబాద్‌ను పాతోళ్లు లష్కర్ అన్నరు, లష్కర్ బోనాలని ఇప్పటికీ అంటం. అదే మాట తెల్లోళ్ల నోట్ల పడి, వాళ్ల ఓడల మీద చాకిరి చేసే మన ఖలాసీలకు పేరయింది. అక్కడి నుంచి మన కాలువగట్టు ఎక్కింది. ఓడ ముఖం చూడని మా లస్కర్లు ఎండాకాలం వేడి రేకు షెడ్డుల కూసుండి ఓడల పేరు మోసిండ్రు.

నా సెక్షన్ల లస్కర్‌ను నేను కాక అనేది. నాయిన కంటే నాలుగేండ్లు చిన్న. నాకు కాలువ నేర్పింది ఆయననే. కట్ట బయటి వాలు మీద చెప్పులు విడిచి నడిపించేది. "కాలు చెప్తది బిడ్డా, కండ్లు చెప్పవు" అనేది. ఎండ్రకాయ బొక్కలు ఎక్కడుంటయో, ఎలుకలు ఎక్కడ తవ్వుతయో ఆయనకు ఎరుకే. ఒకనాడు కట్ట అడుగున ఊట చూపించి చెప్పిండు. "ఊట తేటగ వస్తే పర్వ లేదు. బురద కలిసి వచ్చిందంటే లోపల్నుంచి మన్ను తినుకుంట వస్తున్నట్టు. అప్పుడు ఎవ్వని కోసం చూడొద్దు." నలుగురి ముందల నన్ను 'సారూ' అనేది, ఇద్దరమే ఉంటే 'బిడ్డా' అనేది.

ఆయనకు నా ఈడు కొడుకున్నడు. పదో తరగతి ఫస్టు క్లాసుల పాసయినోడు. 1987లో వాడు కూడ ఒక దరఖాస్తు పెట్టుకున్నడని కాక ఎన్నడూ నాకు చెప్పలేదు. అది తర్వాత తెలిసింది.

మళ్ల బింగ్ కాడికి వస్త. 1744లో తులాన్ దగ్గర ఫ్రాన్సు, స్పెయిన్ ఓడలతో ఒక లడాయి అయింది. మాథ్యూస్ అనే అడ్మిరల్, వెనుక ఓడలు వరుసలోకి రాకముందే తెగించి ముందుకు దూకిండు. వెనుకోడు లెస్టాక్ సరిగ రాలేదు. కోర్టు మార్షల్ చేస్తే, దూకిన మాథ్యూస్ కొలువు పోయింది, వెనుక ఉండిపోయిన లెస్టాక్ నిర్దోషి అయిండు. వరుస తప్పినోనిది తప్పు, వరుసలో ఉన్నోడు సేఫ్. మాథ్యూస్‌కు శిక్ష వేసిన ఆ పంచాయతీలో కూసున్న జడ్జీలలో జాన్ బింగ్ ఒకడు.

1756లో మినోర్కా దీవిని కాపాడమని బింగ్‌ను పంపిండ్రు. మధ్యధరా సముద్రంలో అది 1708 నుంచి ఇంగ్లిషోళ్ల చేతుల ఉన్న దీవి. ఆలస్యంగ పంపిండ్రు, ఓడలు పదే ఇచ్చిండ్రు, మనుషులు కూడ సరిపోను లేరు. దీవిలో దించాల్సిన పటాలానికి జాగ కోసమని ఓడల మీది సిపాయిలను, మెరీన్లను దింపిండ్రు. ఆయన చేరేటాళ్లకే ఫ్రెంచోళ్లు 15 వేల మందిని దీవి మీద దింపి కోటను చుట్టేసిండ్రు. కోటలో కమాండరు బ్లేక్నీ 80 దాటిన ముసలాయన. దారిలో జిబ్రాల్టర్ రేవులో ఉన్న ఇంగ్లిషు గవర్నరు తన దగ్గరి పటాలాన్ని ఇయ్యనన్నడు. అక్కడి నుంచే బింగ్ ఇంటికి ఒక ఉత్తరం రాసిండు, ఈ పని అయ్యేటట్టు లేదని. పనికి పోకముందే చేతులెత్తేసిన ఆ ఉత్తరం నాకు నచ్చలేదు. నాయిన నీడల పెరిగినోనికి ఒక అలవాటు ఉంటది. తప్పు మన మీదికి రాకుండ ముందుగాల ఒక కాగితం రాసి పెట్టుకునుడు. నాకు ఆ అలవాటు ఉండె, అందుకే గుర్తుపట్టిన.

మే 20న లడాయి. జిబ్రాల్టర్ కాడ ఇంకొన్ని కలిసి ఆయన దగ్గర 13 ఓడలు, అవతల ఫ్రెంచోళ్లవి 12. ఏటవాలుగ దగ్గరికి పోతుంటే ముందటి ఓడలు దెబ్బలు తింటున్నయి. ఇంట్రెపిడ్ అనే ఓడకు తెరచాప కొయ్య విరిగి, దాని వెనుక వరుస చెదిరింది. బింగ్ ఓడ ఇంకా దూరంగనే ఉంది. వరుస చూడకుండ నేరుగ మీదికి పోదమని ఆయన కింది కెప్టెన్ గార్డినర్ అన్నడు. బింగ్ చెప్పిన జవాబు మాథ్యూస్ పేరు. బలగం కూడగట్టుకోకుండ పోయినందుకే కదా మాథ్యూస్‌కు ఆ గతి పట్టింది, నేను అట్ల చెయ్య అని. ముందటి ఓడలు దెబ్బలు తింటనే ఉన్నయి, ఈయన వరుస సదురుకుంటనే ఉన్నడు. ఫ్రెంచోళ్లు తప్పుకుని పోయిండ్రు. ఏ ఓడా మునగలేదు, ఏ ఓడా చిక్కలేదు. నాలుగు రోజులకు ఆఫీసర్లందరినీ కూసోబెట్టి అడిగితే, వాపసు పోవుడే మంచిదని అందరూ ఒక్క మాట మీద చెప్పిండ్రు. జిబ్రాల్టర్‌కు మళ్లిండు. జూన్ నెలాఖరుకు కోట ఫ్రెంచోళ్ల పరమయింది.

ఆ జవాబు కాడ పుస్తకం మూసి చాలసేపు బయట కూసున్న. ఎందుకంటే నా మాథ్యూస్ నాకుండె.

1991లో మా పక్క సెక్షన్ల వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన, కట్ట బలహీనంగ ఉందని, మీదోళ్లను అడగకుండ రాత్రి ఎస్కేప్ షట్టర్ ఎత్తి నీళ్లు వాగులకు వదిలిండు. కట్ట నిలిచింది. చివరి భూములకు మాత్రం నాలుగు రోజులు నీళ్లు అందలేదు. రైతులు రోడ్డు మీద కూసున్నరు, న్యాయంగనే కూసున్నరు, వాళ్ల నారుమళ్లు ఎండుతున్నయి. ఎంక్వైరీ పెట్టిండ్రు. గేజీ రిజిస్టరు చదివి వినిపించే పని నాకు చెప్పిండ్రు. నిమిషాలతో సహా చదివిన. కట్ట నిలిచిన సంగతి రిజిస్టరులో ఉండదు కదా, నీళ్లు తగ్గినదే ఉంటది. ఎన్‌ఎంఆర్ కనుక మెమో కూడ అక్కర్లేకపోయింది, వచ్చే నెల మస్టర్‌లో ఆయన పేరు రాయలేదు. ఇంటికి పోయి నాయినకు చెప్తే, "చూసినవు కదా. కాగితం లేకుండ గేటు ముట్టొద్దు" అన్నడు. నేను మనసుల రాసుకున్న.

1998 సెప్టెంబరు. నాయిన పోయి రెండేండ్లయింది. మూడు రోజుల నుంచి ముసురు. కాలువ నిండ పోతుంది, చుట్టుపక్కల గుట్టల నీళ్లు కూడ వచ్చి కలుస్తున్నయి. ఫుల్ సప్లై తగ్గనీయొద్దని పొద్దుగూకేటాళ్లకు ఫోన్ వచ్చింది, నోటి మాటనే. రాత్రి పదింటికి కాక గొంగడి కప్పుకుని, లాంతరు పట్టుకుని షెడ్డు కాడికి ఉరికొచ్చిండు.

"బిడ్డా, మోరీ పక్కన ఊట బురదగ మారింది. ఎస్కేప్ ఎత్తుదం."

"ఆర్డరు లేదు కాకా."

"ఆర్డరు కోసం కట్ట ఆగుతదా?"

ఫోన్ చేసిన. వానకు లైను పోయింది. సైకిలు మోటరు మీద ఒక మనిషిని డివిజన్ ఆఫీసుకు పంపిన. నన్ను నేను ఇప్పటికీ అడుగుకునేది ఈ రెండు గంటల గురించే. నేను ఊరుకోలేదు. ఇసుక బస్తాలు ఏయించిన, పక్క తండ నుంచి ఇరవై మందిని లేపి తోలుకొచ్చిన, నడుము లోతు నీళ్లలో నిలబడ్డ. చుట్టూ అన్నీ చేసిన. చెయ్యాల్సిన ఒక్కటి చెయ్యలేదు. షట్టర్ చక్రం నాకు యాభై గజాల దూరంల ఉంది. కాక దాని మీద చెయ్యి పెట్టి నా దిక్కే చూస్తున్నడు. ఆయన ఎత్తెటోడే, 'సారు' నేను కనుక ఆగిండు. పన్నెండు దాటినంక కట్ట కూలింది. ఆ చప్పుడు పిడుగు లెక్క ఉండదు, పెద్ద బర్రె నీళ్లలకు దిగినట్టు ఉంటది, తర్వాత ఒకటే హోరు. తెల్లారేటాళ్లకు అరవై ఎకరాల పొట్టకొచ్చిన వరి మీద ఇసుక మేట. మనుషులకు ఏం కాలేదు. రెండు ఎడ్లు పోయినయి. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, ఇసుక మీద కూసుండి ఎడ్ల పగ్గాలు చేతికి చుట్టుకుంటుండె.

ఎంక్వైరీల కాకను పిలిచిండ్రు. ఆయన రెండు మాటలు చెప్పిండు. ఎస్కేప్ ఎత్తుదమని నేనన్న, సారు ఆర్డరు లేదన్నడు అని ఒకటి. నీళ్లు తగ్గనీయొద్దని మాపటికి మీదికెళ్లి ఫోన్ వచ్చింది, నేను పక్కనే ఉండి విన్న అని రెండోది. రెండూ నిజాలే. రిపోర్టు వచ్చినంక చూస్తే మొదటి మాట ఉంది, రెండోది లేదు.

బింగ్‌కు కూడ అదే జరిగింది. లడాయి గురించి ఆయన పంపిన ఉత్తరం రాకముందే ఫ్రెంచి అడ్మిరల్ రాసిన కబురు లండనుకు చేరింది. శత్రువు మాట పట్టుకుని ఈయన జాగలో వేరే అడ్మిరల్ హాక్‌ను పంపిండ్రు. తర్వాత ఈయన ఉత్తరం వస్తే, అడ్మిరల్టీ దాన్ని కత్తిరించి గెజిట్‌లో అచ్చు వేసింది. తమకు తగిలే ముక్కలు తీసేసి, ఆయన పిరికిగ కనపడే ముక్కలు ఉంచి. జనం ఊరూర బొమ్మలు చేసి తగలపెట్టిండ్రు. ఓడలు ఆలస్యంగ పంపినోళ్ల మీదికి కోపం పోవద్దు, అంతే. పోర్ట్‌స్‌మౌత్ రేవుకు ఆయనను కలువనీకి పోయిన తమ్ముడు ఎడ్వర్డ్, కలిసిన మరునాడే జబ్బుపడి చచ్చిపోయిండు. అది చదువుతుంటే నాకు మా అక్క గుర్తుకొచ్చింది. సస్పెండైన నెలల్ల నా ఇంటికి బియ్యం మూట పట్టుకుని బస్సుల వచ్చేది. బింగ్‌కు కూడ ఒక అక్క ఉంది, సారా ఆస్బర్న్. తమ్ముని పానం కోసం అడ్మిరల్టీకి అర్జీ రాసింది.

కోర్టు మార్షల్ 1756 డిసెంబరు 28న సెయింట్ జార్జ్ ఓడ మీద మొదలై జనవరి 27 దాక నడిచింది. పిరికితనం లేదు, ద్రోహం లేదు అని జడ్జీలే తేల్చిండ్రు. చెయ్యగలిగినంత చెయ్యలేదు, అంతవరకే. 1749లో మార్చిన నేవీ చట్టంలో దానికి ఒకటే శిక్ష, చావు. తగ్గించే అధికారం కోర్టుకు లేదు. అందుకని శిక్ష రాసి, కింద క్షమించుమని వాళ్లే వేడుకున్నరు. రాజు రెండో జార్జ్ ఒప్పుకోలేదు. ఫోర్బ్స్ అనే అడ్మిరల్ ఒక్కడు ఆ వారంటు మీద సంతకం పెట్టనన్నడు. 1757 మార్చి 14 పగలు పన్నెండింటికి మోనార్క్ ఓడ మీద మెత్త వేసి మోకరిల్లబెట్టిండ్రు. మొదట కండ్లకు గంత వద్దన్నడు. ముఖం చూస్తే కాల్చెటోళ్ల చెయ్యి వణుకుతదని చెప్తే ఒప్పుకున్నడు. చేతిరుమాలు ఆయనే జారవిడిచిండు, అదే సైగ.

నన్ను ఎవరూ కాల్చలేదు. ఐదు నెలలు సస్పెన్షన్, మూడు ఇంక్రిమెంట్ల కోత. పోల్చుడు కూడ తప్పే. కని ఆ రోజుల్ల ఆఫీసు కాడ చాయ్ బండి దగ్గర ఒక మాట తిరిగేది. "పైరవీతోని వచ్చినోడు, గట్లనే అయితది." నాయిన టేబుల్ కాడ చేతులు కట్టుకుని నిలబడ్డోళ్లే అన్నరు. ఆ మాట ఎంత సుఖమైందో చూడుండ్రి. ఫోన్ చేసినోడు పోయిండు, రిపోర్టుల మాట తీసేసినోడు పోయిండు, పదేండ్ల సంది ఆ మోరీకి సిమెంటు పెట్టని సంగతి పోయింది. నేను, మా నాయిన మిగిలినం.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. నేను అడ్డదారిన వచ్చింది నిజం. ఆ రాత్రి చక్రం తిప్పనిది నిజం. శిక్షలో సగం నాదే, దాన్ని తీసుకున్న. మిగతా సగం నాది కాదు, అది ఇప్పటికీ అన్యాయమే. అక్రమంగ ఎక్కినోణ్ని అక్రమంగ దించితే లెక్క సరిపోయిందనుకుంటరు. సరిపోదు. ఎక్కినప్పుడు ఒకని నోటికాడి కూడు పోయింది, దించినప్పుడు అది తిరిగి వానికి రాలేదు. నా మూడు ఇంక్రిమెంట్లు ఆ 1991 మనిషికి ఇచ్చిండ్రా, కాక కొడుకుకు ఇచ్చిండ్రా?

పైరవీతో వచ్చినోళ్లందరూ చేతగానోళ్లు అనేటోళ్లతోని కూడ నేను ఒప్పుకోను. నెల్సన్ 12 ఏండ్లకు ఓడెక్కింది మేనమామ సక్లింగ్ వల్లనే. ఆ మేనమామ తర్వాత నేవీలో పెద్ద కుర్చీ ఎక్కిండు, అల్లుడు 20 ఏండ్లకే కెప్టెన్ అయిండు. మా మేనల్లుడు దీన్ని నాకు గర్వంగ చెప్పిండు, మేనమామ మాట కదా. అదే నేవీలో 1780లో రాడ్నీ అనే అడ్మిరల్ 15 ఏండ్ల సొంత కొడుకును కెప్టెన్‌ను చేసిండు. ఆ పిల్లగాని పేరు ఈరోజు ఎవరికి తెలుసు? చెయ్యి పట్టుకుని ఎక్కించిన ఇద్దరిలో ఒకడు నెల్సన్ కావచ్చు, ఒకడు కాకపోవచ్చు. ఎక్కించనందుకు కిందనే ఉండిపోయిన నెల్సన్‌లు ఎందరో, ఆ లెక్క ఎవ్వడూ రాయలేదు. నాకు కడుపుల తిప్పేది అది.

బింగ్‌ను సౌథిల్ అనే ఊర్ల వాళ్ల కుటుంబపు సమాధుల దగ్గర పెట్టిండ్రు. న్యాయానికి ఇది శాశ్వతమైన మచ్చ అని రాతి మీద చెక్కించిండ్రు. 22 ఏండ్లకు, 1779లో, ఆ చట్టం మార్చి చావు కాకుండ వేరే శిక్ష కూడ వేయొచ్చన్నరు. 2007లో వంశపోళ్లు క్షమాభిక్ష అడిగితే అక్కడి సర్కారు ఇయ్యలేదు.

కాక 2009లో పోయిండు. చావుకు పోయిన, కని కొడుకుతోని మాట్లాడలేకపోయిన. ఈ ఏడు బింగ్ గురించి అంతా చదివినంక, ఏప్రిల్‌ల ఒకనాడు బస్సెక్కి వాళ్ల ఊరికి పోయిన. యాసంగి కోతలు నడుస్తున్నయి. వాడు వరికోత మిషను నడుపుతడు, కిరాయి మిషను. వెంట్రుకలు తెల్లబడ్డయి. నన్ను చూసి మిషను దిగి, తువ్వాలతోని ముఖం తుడుచుకుని, "అన్నా, ఇంత ఎండల వచ్చినవా" అని ఇంటికి తోలుకపోయిండు.

దారి పొడుగున అనుకున్న మాటలు నోట్లకు రాలేదు. కాలువల నీళ్లు, వడ్ల కాంటా, పిల్లల చదువులు. ఆఖరుకు నేనే అడిగిన. "1987ల నువ్వు దరఖాస్తు పెట్టినవంట కదా తమ్మీ."

"పెట్టిన అన్నా. మీ నాయినకే ఇచ్చిన. మంచిగ కూసోబెట్టి, నీళ్లు తాపి, మొత్తం చదివిండు. చేతిరాత మంచిగుందన్నడు. ఇప్పుడు జాగ లేదు బిడ్డా, ఉన్ననాడు కబురు చేస్త అన్నడు."

"అది ఎప్పుడు?"

"మీరు చేరకముందు. పదిహేను రోజులో, ఎంతనో."

వాళ్ల ఆడమనిషి సర్వల సల్ల తెచ్చి ఇచ్చింది. వాడు లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చిండు, కాక కాగితాలు. పెన్షన్ పుస్తకం, లస్కర్ బిల్ల, అన్నిటి కింద ఆ దరఖాస్తు, మడతల కాడ చినిగి. మూలకు ఎర్ర సిరాతోని 'చూసితిమి, శ్రీ' అని ఉంది. 'శ్రీ' తోక కిందికి గుంజి.

నాయిన చేతిరాతే. సల్ల తాగిన. ఐదింటి బస్సుకు వాడే రోడ్డు దాక వచ్చి ఎక్కించిండు.